వెతుకులాటకూ లేబర్ చార్జీ ఉండాలి

పాత కారు ఇంజిన్ ఆయిల్ తాగుతోందని తెలిస్తే మనవాళ్లు సాధారణంగా మూడు పనుల్లో ఒకటి చేస్తారు. డిక్కీలో ఒక లీటరు డబ్బా పెట్టుకుని, తగ్గినప్పుడల్లా పోసుకుంటూ తిరుగుతారు. లేదా షెడ్డుకు తీసుకెళ్లి "రింగులు పోయాయి, ఇంజిన్ దించాలి" అనే తీర్పు ఐదు నిమిషాల్లో విని వస్తారు. అదీ కాదంటే చిక్కటి ఆయిల్ పోయించి, పొగ కాస్త తగ్గిన వారంలో ఎవరికో ఒకరికి అమ్మేస్తారు. ఈ మూడింటిలోనూ ఎవరూ చెయ్యని పని ఒకటుంది. ఆ ఆయిల్ ఎటు పోతోందో వెతకడం.

నేను చెప్పదలచుకున్నది ఇదే. పాత కారు రిపేరులో కష్టమైన పని పార్టు మార్చడం కాదు, ఏ పార్టు మార్చాలో కనిపెట్టడం. కానీ మనం డబ్బులిచ్చేది మార్చినందుకే. వెతికినందుకు పైసా ఇవ్వం. అలాంటప్పుడు ఎవరైనా ఎందుకు వెతుకుతారు?

సీఎస్‌ఈ చదివేవాళ్లకి ఇంజిన్ గొడవ ఎందుకని మన మెకానికల్ ఫ్రెండ్స్ నవ్వొచ్చు. నవ్వనివ్వండి. ప్రోగ్రాం క్రాష్ అయితే మొత్తం కోడ్ తీసేసి మళ్లీ రాయమని మనకెవరూ చెప్పరు. ముందు లాగ్స్ చూస్తాం, ఎక్కడ ఆగిందో పట్టుకుంటాం. ఇంజిన్‌కి కూడా లాగ్ ఉంది. దాని పేరు డిప్‌స్టిక్. దాన్ని చూసి రాసిపెట్టుకునేవాళ్లే తక్కువ.

దారులు మూడే

ఇంజిన్‌లో ఆయిల్ ఒక మూసిన ఇంట్లో తిరుగుతున్నట్టు తిరుగుతుంది. కింద చాంబర్‌లోంచి పంపు పైకి తోస్తుంది, బేరింగులన్నీ తడిసి మళ్లీ కిందికి జారుతుంది. అది తగ్గిందంటే బయటికి కారాలి, లోపల కాలాలి, లేదా రేడియేటర్ నీళ్లలో కలవాలి. నాలుగో దారి లేదు. కాబట్టి వెతకడం అంటే ఈ మూడు దారుల్లో ఒక్కోదాన్ని కొట్టేసుకుంటూ రావడమే.

అంతకన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఎంత తగ్గుతోంది? "బాగా తాగుతోంది" అన్నది కొలత కాదు. పొద్దున్నే, బండి స్టార్ట్ చెయ్యకముందు, సమతలంగా ఉన్నచోట డిప్‌స్టిక్ తీసి తుడిచి, మళ్లీ పెట్టి చూడాలి. కిలోమీటర్ల రీడింగ్ పక్కన రాసుకోవాలి. పై గీత దాకా కొలిచి పోసి, 1,000 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ అదే చోట, అదే వేళకి చూసి, పై గీతకు రావడానికి ఎన్ని మిల్లీలీటర్లు పట్టిందో రాయాలి. చాలా కార్లలో రెండు గీతల మధ్య తేడా దాదాపు ఒక లీటరు, చిన్న ఇంజిన్లలో ఇంకా తక్కువ. పై గీత దాటించి పోసినా ప్రమాదమే. క్రాంక్ షాఫ్ట్ దాన్ని మజ్జిగ చిలికినట్టు చిలుకుతుంది, ఆ నురగ గాలి గొట్టంలోంచి బయటికొచ్చి కాలిపోతుంది. "ఎందుకైనా మంచిదని" ఎక్కువ పోసుకునేవాళ్లకి ఆయిల్ తగ్గడానికి ఒక్కోసారి అదే కారణం.

ఈ కొలత ఎంత ముఖ్యమో ఒక పెద్ద ఉదాహరణ చెప్తాను. అమెరికాకి ఎంఎస్ చెయ్యడానికి వెళ్లిన మన సీనియర్లు ఎక్కువగా కొనేది వాడిన టొయోటా క్యామ్రీలో, కరోలాలో. 2007 నుంచి 2009 మోడల్ దాకా వచ్చిన క్యామ్రీల్లో 2.4 లీటర్ల ఇంజిన్, 2ఏజెడ్-ఎఫ్ఈ అనేది, ఆయిల్ తాగుతుందన్న ఫిర్యాదులు అక్కడ చాలా వచ్చాయి. చివరికి కంపెనీయే వారంటీ పొడిగించి పిస్టన్లు, రింగులు మార్చింది. అయితే అడిగిన ప్రతి కారుకీ మార్చలేదు. ముందు డీలర్ దగ్గర ఆయిల్ నింపి, 1,200 మైళ్లు తిప్పి రమ్మన్నారు. ఆ దూరానికి ఒక క్వార్ట్ కన్నా ఎక్కువ తగ్గితేనే ఇంజిన్ విప్పారు. మన లెక్కలో అది 1,000 కిలోమీటర్లకు సుమారు అర లీటరు. తయారుచేసిన కంపెనీయే కొలవకుండా విప్పనప్పుడు, మన వీధి చివర షెడ్డులో కొలవకుండా ఎందుకు విప్పాలి?

కంటికి కనిపించేది, కనిపించనిది

"కింద మరక లేదు, సైలెన్సర్‌లో పొగ లేదు, మరి ఆయిల్ ఎలా తగ్గుతోంది?" ఈ ప్రశ్న చాలామంది అడుగుతారు. చిన్న లెక్క వేద్దాం.

కారడం సంగతి ముందు. 30 చుక్కలకు ఒక మిల్లీలీటరు అనుకుందాం. నిమిషానికి ఒక్క చుక్క కారితే రోజుకు 1,440 చుక్కలు, అంటే 48 మిల్లీలీటర్లు. పది రోజుల్లో దాదాపు అర లీటరు! కొన్ని లీకులు ఇంజిన్ తిరిగేటప్పుడే, ప్రెషర్ ఉన్నప్పుడే కారతాయి. ఆ చుక్కలు రోడ్డు మీద పడిపోతాయి, మన పార్కింగ్‌లో మరక ఉండదు.

ఇప్పుడు కాలడం. సగటున గంటకు 50 కిలోమీటర్ల వేగంతో 1,000 కిలోమీటర్లంటే 20 గంటలు. ఇంజిన్ నిమిషానికి 2,500 చుట్లు తిరిగిందనుకుంటే మొత్తం 30 లక్షల చుట్లు. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో చుట్టుకు రెండుసార్లు పెట్రోలు మండుతుంది కాబట్టి 60 లక్షల మంటలు. ఈ దూరంలో అర లీటరు, అంటే 15,000 చుక్కలు కాలిపోయిందంటే, 400 మంటలకు ఒక్క చుక్క. ఆ పొగ కంటికి ఎక్కడ కనిపిస్తుంది? అందుకే "పొగ లేదు కాబట్టి కాలడం లేదు" అనడానికి వీల్లేదు.

బయట వెతకడం

లీకు వెతికేటప్పుడు అందరూ చూసేది కింద చుక్క పడే చోటు. చూడాల్సింది తడి మొదలైన పై చోటు. ఆయిల్ పైనుంచి కిందికి జారుతుంది, బండి నడుస్తుంటే గాలికి వెనక్కి పాకుతుంది. టాపెట్ కవర్ ప్యాకింగ్ దగ్గర మొదలైంది కిందికొచ్చేసరికి చాంబర్ లీకులా కనిపిస్తుంది. ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య తడి ఉంటే "వెనక ఆయిల్ సీల్ పోయింది, గేర్‌బాక్స్ దించాలి" అంటారు. అది కూడా పైనుంచి జారినదే అయ్యుండొచ్చు.

దీనికి మార్గం తేలిక. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు జిడ్డంతా కడిగించాలి, ఎలక్ట్రికల్ భాగాల మీద నీళ్లు పడకుండా చూసుకోవాలి. ఆరాక, అనుమానం ఉన్నచోట పౌడర్ చల్లి కొంచెం దూరం తిప్పాలి. తెల్లటి పౌడర్ మీద మొదట ఎక్కడ నల్లబడితే అదే మూలం. రాత్రి కింద ఒక అట్టపెట్టె ముక్క పరిస్తే చుక్క ఎక్కడ పడుతోందో కూడా తెలుస్తుంది. అనుమానించాల్సిన చోట్లు: టాపెట్ కవర్, ఆయిల్ ఫిల్టర్ అంచు, ఆయిల్ ప్రెషర్ స్విచ్, డ్రెయిన్ బోల్టు వాషర్, ముందు వెనక క్రాంక్ సీల్స్, క్యామ్ సీల్, పాత కార్బ్యురేటర్ బండి అయితే డిస్ట్రిబ్యూటర్ రబ్బరు రింగు. వీటిలో చాలావాటికి ఇంజిన్ దించక్కర్లేదు.

లోపల వెతకడం

సైలెన్సర్ నుంచి నీలం కలిసిన పొగ వస్తే ఆయిల్ కాలుతోందని అర్థం. నల్ల పొగ పెట్రోలు ఎక్కువైనందుకు. చలికాలం పొద్దున కాసేపు తెల్లగా వచ్చేది ఆవిరే, భయపడక్కర్లేదు. అది ఆగకుండా వస్తూ, రేడియేటర్ నీళ్లు కూడా తగ్గుతుంటే హెడ్ గాస్కెట్‌ని అనుమానించాలి. నీళ్ల డబ్బాలో నూనె తేలినా, ఆయిల్ పాల కాఫీ రంగుకి మారినా అనుమానం గట్టిపడుతుంది. మూత కింద మాత్రమే కాస్త తెల్ల జిగురు ఉంటే అది చిన్న చిన్న దూరాలు తిరిగే బండిలో పేరుకునే చెమ్మ కావచ్చు.

నీలం పొగ ఎప్పుడు వస్తోందన్నది అసలు ఆధారం. తిరుమల ఘాట్ రోడ్డు ఊహించుకోండి. నిండా జనంతో పైకి ఎక్కుతున్నప్పుడు, ఎక్సలరేటర్ తొక్కినంతసేపూ పొగ వస్తుంటే రింగుల వైపు చూడాలి. కిందికి దిగేటప్పుడు ఎక్సలరేటర్ వదిలేసి గేర్‌లోనే వస్తాం, అప్పుడు ఇంజిన్ గట్టిగా లోపలికి పీలుస్తుంది, వాల్వ్ సీల్స్ గట్టిబడిపోయి ఉంటే వాటి పక్కనుంచి ఆయిల్ లోపలికి జారుతుంది. కింద అలిపిరి దగ్గర మళ్లీ ఎక్సలరేటర్ తొక్కగానే భుస్సుమని ఒక్కసారి నీలం పొగ వస్తే ముందు ఆ సీల్స్‌ని అనుమానించాలి. రాత్రంతా నిలిపి పొద్దున స్టార్ట్ చేసినప్పుడు మాత్రమే ఒక పొగ వచ్చి ఆగినా అదే అనుమానం. ఇవి సూచనలే, రుజువులు కావు. కానీ రింగులకైతే ఇంజిన్ విప్పాలి, సీల్స్‌కి చాలా ఇంజిన్లలో హెడ్ కూడా తియ్యక్కర్లేదు. ఖర్చులో ఎంత తేడా!

రుజువు కావాలంటే కంప్రెషన్ టెస్ట్ ఉంది. స్పార్క్ ప్లగ్గులు తీసి, గేజ్ పెట్టి సెల్ఫ్ కొట్టి ఒక్కో సిలిండర్ ఒత్తిడి చూస్తారు. తక్కువ వచ్చిన సిలిండర్‌లో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్లీ చూస్తారు. ఒత్తిడి బాగా పెరిగితే రింగుల అరుగుదల, పెరగకపోతే వాల్వులో గాస్కెట్టో. ఒక మెలిక ఉంది. ఈ టెస్ట్ చూసేది ఒత్తిడిని ఆపే పై రింగుల్ని. ఆయిల్‌ని గీసి కిందికి పంపేది వాటి కింద ఉండే ఇంకో రింగు. అది మసితో బిగుసుకుపోతే కంప్రెషన్ బాగానే ఉంటుంది, ఆయిల్ మాత్రం కాలుతూనే ఉంటుంది. కాబట్టి ఒక్క టెస్ట్ చూసి తీర్పు చెప్పకూడదు.

ఇక అందరూ మర్చిపోయేది పీసీవీ వాల్వ్. పిస్టన్ల పక్కనుంచి కొంత గ్యాస్ ఎప్పుడూ కిందికి చాంబర్‌లోకి జారుతుంటుంది. పూర్వం కార్లలో ఆ గ్యాస్‌ని ఒక గొట్టంతో నేరుగా రోడ్డు మీదికి వదిలేవారు. 1960ల మొదట్లో కాలిఫోర్నియాలో పొగమంచు కాలుష్యం గొడవ వల్ల, దాన్ని మళ్లీ ఇంజిన్‌లోకే పీల్చి కాల్చే ఏర్పాటు వచ్చింది. దానికి కాపలా ఈ చిన్న వాల్వ్. అది మసితో మూసుకుపోతే లోపల ప్రెషర్ పెరిగి ప్రతి సీల్ నుంచీ ఆయిల్ కారుతుంది. తెరుచుకుని ఉండిపోతే ఆయిల్ తుంపరని పీల్చి కాల్చేస్తుంది. అంటే కొన్ని వందల రూపాయల పార్టు, సీల్స్ పోయినట్టూ నటిస్తుంది, రింగులు పోయినట్టూ నటిస్తుంది. దీన్ని చూడకుండా సీల్స్ మారిస్తే కొత్త సీల్స్ కూడా కారతాయి.

మా పెదనాన్న కారు లెక్క

మా పెదనాన్న తెనాలిలో రిటైరైన మాస్టారు. ఆయన పెట్రోలు కారుకీ నాకూ ఒకటే వయసు, 19. ఏడాదికి 8,000 కిలోమీటర్ల దాకా తిరుగుతారు. మొదట చూపించిన షెడ్డులో బోరు పని అన్నారు, 40 వేలన్నారు. రెండో మెకానిక్ పెద్దాయన. ఆయన బానెట్ కూడా ఎత్తకుండా అడిగాడు: "ఎన్ని కిలోమీటర్లకి ఎంత తగ్గుతోంది మాస్టారూ?"

పెదనాన్న నా వైపు చూశారు. మా దగ్గర లెక్క లేదు.

"అందరూ ఇంతే మాస్టారూ. తాగుతోందంటారు, ఎంతంటే చెప్పరు. సాయంత్రానికి బండి కావాలంటారు. నేనేం చూసి చెప్పను?" అన్నాడాయన.

ఆ రోజు నుంచి నేను ఫోన్‌లో పట్టిక పెట్టాను, పెదనాన్న పుస్తకంలో రాశారు. మొదటి 1,000 కిలోమీటర్లకు 600 మిల్లీలీటర్లు. పెద్దాయన ఇంజిన్ కడిగించి, రెండు గంటలు కూర్చుని చూశాడు. టాపెట్ కవర్ చుట్టూ తడి, ముందు సీల్ దగ్గర తడి, పీసీవీ వాల్వ్ నల్లటి మడ్డితో బిగుసుకుపోయి ఉంది. అన్నీ ఒకేసారి మార్చేయొచ్చు కదా అని పెదనాన్న అడిగితే, "అప్పుడు దేనివల్ల తగ్గిందో తెలీదు కదా" అన్నాడు. ముందు వాల్వ్ మార్చి గొట్టం శుభ్రం చేశాడు. తర్వాతి 1,000 కిలోమీటర్లకు 300. ముందు సీల్ దానంతటదే ఆరిపోయింది. అప్పుడు టాపెట్ ప్యాకింగ్ మార్చాడు. ఇంకో 1,000కి 150. మిగిలింది పొద్దున వచ్చే ఆ ఒక్క పొగ, బహుశా వాల్వ్ సీల్స్. ఏడాదికి లీటరు పైచిలుకు. దాన్ని ప్రస్తుతానికి అలాగే ఉంచి, నెలకోసారి కొలుస్తున్నాం. ఇంజిన్ దించలేదు.

నాకు బాగా గుర్తుండిపోయింది మాత్రం బిల్లు. ఆయన రాసింది వాల్వ్ ధర, ప్యాకింగ్ ధర, బిగించిన లేబర్. కూర్చుని వెతికిన రెండు గంటలకు ఏమీ రాయలేదు. పెదనాన్న 500 విడిగా ఇవ్వబోతే, "చూసినదానికి డబ్బులేంటి మాస్టారూ" అని వద్దన్నాడు. బలవంతాన జేబులో పెట్టాల్సి వచ్చింది.

ఎవరిది తప్పు?

మొదటి షెడ్డువాడు మోసగాడని నేననను. మన లెక్క లేకుండా, మనం ఇచ్చిన ఐదు నిమిషాల్లో, పార్టులు మారిస్తేనే సంపాదన వచ్చే మనిషి ఇంకేం చెప్తాడు? డాక్టర్ దగ్గర మందు కన్నా ముందు ఫీజు కడతాం, రక్త పరీక్షకి కడతాం, "ఏమీ లేదు" అని చెప్పినా సంతోషంగా కట్టి వస్తాం. మెకానిక్ మాత్రం రెండు గంటలు చూసి "పెద్ద పని ఏం లేదు" అంటే చెయ్యి ఊపి వచ్చేస్తాం. అంటే నిజం చెప్పిన మెకానిక్‌కి నష్టం, ఇంజిన్ దించినవాడికి లాభం. ఈ ఏర్పాటు మనమే చేసి, మళ్లీ మెకానిక్కులు దోచుకుంటున్నారని మనమే అంటాం. వెతికిన పనిని పని అని ఆ పెద్దాయనే అనుకోలేదంటే, మనం అందరం కలిసి దాని విలువ ఎంత దించేశామో చూడండి.

"బండి విలువే లక్ష, దానికింత తతంగమా?" అనొచ్చు. బండి విలువ లక్షే కాబట్టి, తప్పు రిపేరుకి పెట్టే 40 వేలు ఇంకా పెద్దవి. మన దేశంలో సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు. ఆ తర్వాత ఫిట్‌నెస్ చూసి ఐదేళ్లకోసారి పొడిగిస్తారు. బండిని ఉంచాలా, తీసెయ్యాలా అని ఇంట్లో తేల్చుకునే ఆ సమయంలో, ఇంజిన్ అసలు పరిస్థితి తెలియకుండా ఏ నిర్ణయం తీసుకున్నా గుడ్డిదే.

"పోసుకుంటూ తిరిగితే పోలా?" అని ఇంకో మాట. కొలిచి, కారణం తెలుసుకుని పోసుకుంటే సరే. తెలియకుండా పోసుకుంటే రెండు ప్రమాదాలు. డ్యాష్‌బోర్డు మీద వెలిగే ఎర్ర ఆయిల్ లైటు ఆయిల్ తగ్గినందుకు కాదు, ప్రెషర్ పడిపోయినందుకు వెలుగుతుంది. అది వెలిగేసరికి బేరింగులు ఎండిపోతుంటాయి. ఇంకోటి, కాలిన ఆయిల్‌లో ఉండే ఫాస్ఫరస్, జింక్ వెళ్లి క్యాటలిటిక్ కన్వర్టర్‌ని పాడుచేస్తాయి. ఆ తర్వాత మన బండి వదిలే గాలి వెనక టూవీలర్ మీద వచ్చే మనిషి పీలుస్తాడు.

చిక్కటి ఆయిల్ పోసి అమ్మడం గురించి ఎక్కువ చెప్పను. అలాంటి బండి కొనేది చాలాసార్లు కూడబెట్టిన డబ్బుతో మొదటి కారు కొనుక్కునే కుటుంబం. మనం వెతకని జబ్బుని వాళ్లతో కొనిపించడం అది.

కాబట్టి ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు మీ నాన్నగారి బండో, బాబాయిగారి బండో డిప్‌స్టిక్ తీసి చూడండి. రీడింగ్ రాయండి. 1,000 కిలోమీటర్ల తర్వాత మళ్లీ రాయండి. షెడ్డుకి వెళ్తే ఆ కాగితం పట్టుకెళ్లండి, "ముందు వెతకండి, వెతికిన టైముకి ఇంత ఇస్తాం" అని పని మొదలుపెట్టకముందే చెప్పండి. ఏ పార్టూ మార్చక్కర్లేదని తేలినా ఆ డబ్బు ఇవ్వండి. రేపు ఉద్యోగాల్లో మనం బగ్గు వెతికిన గంటలకు జీతం తీసుకోబోయేవాళ్లం. గ్రీజు చేతులతో అదే పని చేసే మనిషికి ఇవ్వడానికి మనకి మనసొప్పకపోతే ఎలా?